రిమోట్‌లో రంగు మారితే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

సాఫ్ట్‌వేర్ ఎక్కడో సర్వర్ మీద నడవడం, దాని విండో మాత్రం మన ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం ఇప్పుడు వరంగల్‌లో కొత్త సంగతి కాదు. ఎన్ఐటీ రీసెర్చ్ స్కాలర్ హాస్టల్ గదిలో కూర్చుని ల్యాబ్ సర్వర్‌లో సిమ్యులేషన్ నడుపుకోవచ్చు. మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లు ఇంకో ఊళ్లో ఉన్న మెషీన్‌లో డ్రాయింగులు గీసుకోవచ్చు. కొత్తవాడ జంపఖానాలకు డిజైన్లు వేసే మనిషి షాపులో ఉన్న పీసీని ఇంటి నుంచే తెరిచి పని కానివ్వొచ్చు.

పని అంతా బాగానే సాగుతుంది. రంగు దగ్గరికొచ్చేసరికే చిక్కు. ల్యాబ్‌లో నీలం, ఆకుపచ్చ, పసుపు కలిసి కనపడిన మ్యాప్ ఇంట్లో మొత్తం ఎర్రగా వస్తుంది. మెరూన్ వేసిన చోట గోధుమరంగు కనపడుతుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ బూడిద పూసినట్టు ఉంటుంది. ఆకాశం నున్నగా కాకుండా పట్టీలు పట్టీలుగా విడిపోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందు మానిటర్ బటన్లు నొక్కుతారు. తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ మారుస్తారు. అదీ కాకపోతే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. సాయంత్రమంతా గడిచిపోయి టెన్షన్ ఒక్కటే మిగులుతుంది. ఇందులో అసలు ప్రమాదం టైం పోవడం కాదు. ఒకచోట ఉన్న తప్పును ఇంకోచోట సెట్టింగ్ మార్చి కప్పేస్తాం. రేపు ఎవరో అసలు తప్పును సరిచేస్తే, మనం మార్చిన సెట్టింగే కొత్త తప్పు అవుతుంది. అందుకే గట్టిగా చెప్తున్నాను, రంగు ఎక్కడ మారిందో తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన మిర్చి బస్తా తూకం తగ్గితే ఏం చేస్తారు? ఇంటి దగ్గర ఎంత తూగింది, అడ్తి దగ్గరి కాటా మీద ఎంత తూగింది, గోదాములో ఎంత తూగింది అని ఒక్కోచోట అంకె చూస్తారు. రంగుకూ అంతే. కంప్యూటర్‌కు రంగు అంటే మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అని, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. ఆ అంకెలు ముందు సాఫ్ట్‌వేర్‌లో పుడతాయి. అక్కణ్నుంచి దూరంగా ఉన్న మెషీన్ స్క్రీన్ మీదికి, ఆ తర్వాత నెట్‌వర్క్‌లోకి వెళ్తాయి. నెట్‌వర్క్‌లో వాటిని కుదించి పంపుతారు. మన ల్యాప్‌టాప్ వాటిని విప్పి తన స్క్రీన్ మెమరీలో పెడుతుంది. చివర మన మానిటర్ వాటిని వెలుగుగా మారుస్తుంది. ఇన్ని మజిలీల్లో ఎక్కడ అంకె మారినా కంటికి తెలిసేది ఒక్కటే, రంగు తప్పిందని. కళ్లతో చూసి లోపం ఎక్కడో చెప్పలేం. అంకెలు చూస్తే చెప్పొచ్చు.

ఏ మజిలీలో మారిందో పట్టుకోవడం

దానికి ఒక టెస్ట్ బొమ్మ కావాలి. జింప్ లాంటి బొమ్మలు గీసే ప్రోగ్రాం దేంట్లోనైనా మీరే చేసుకోండి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెద్ద పెద్ద గడులుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు పూర్తి స్థాయిలో పెట్టండి. కింద నలుపు నుంచి తెలుపు దాకా సాగే బూడిదరంగు పట్టీ ఒకటి ఉండాలి. ఒక మూల నల్లటి చోట ఒకే పిక్సెల్ మందంతో ఎర్ర గీత గీయండి. దీన్ని పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపెగ్ వద్దు, అది తానే రంగులను కొద్దిగా మారుస్తుంది.

ఈ బొమ్మను రిమోట్ మెషీన్‌లో తెరిచి రెండు స్క్రీన్‌షాట్లు తీయాలి. మొదటిది రిమోట్ మెషీన్‌లోనే, అక్కడి స్క్రీన్‌షాట్ టూల్‌తో తీసి, అక్కడే సేవ్ చేసి, ఫైల్‌గా ఇటు తెచ్చుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుకోండి. రెండోది మీ ల్యాప్‌టాప్‌లో, మీకు కనపడుతున్న రిమోట్ విండోను తీసినది. ఇప్పుడు రెండింటినీ మీ దగ్గరే తెరిచి, కలర్ పికర్‌తో ఒకే చోట అంకెలు చూడండి.

మొదటి స్క్రీన్‌షాట్‌లోనే ఎర్ర గడి 255, 0, 0 కాకుండా ఇంకేదో చూపిస్తే తప్పు అవతల ఉంది, సాఫ్ట్‌వేర్‌లోనో అక్కడి స్క్రీన్ సెట్టింగ్‌లోనో. మొదటిది సరిగ్గా ఉండి రెండోది తప్పితే దారిలో పోయింది, అంటే రిమోట్ ప్రోగ్రాం రంగులను తగ్గించింది లేదా కుదించింది. రెండింటిలోనూ అంకెలు సరిగ్గా ఉండి కంటికి మాత్రం తేడాగా కనపడితే లోపం మీ బల్ల మీదే ఉంది. రాత్రిపూట స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్, వెలుగు తేడాలను ఇంకా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ మోడ్, కేబుల్, మానిటర్, వీటిలో ఏదో ఒకటి. 255 బదులు 254, 253 లాంటి చిన్న తేడా వస్తే పట్టించుకోకండి, కుదింపులో అది మామూలే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మ్యాక్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌కు ఆ డిస్‌ప్లే ప్రొఫైల్, అంటే ఆ స్క్రీన్ రంగులను ఎలా చూపిస్తుందో చెప్పే వివరం, అతుక్కుని వస్తుంది, దాన్ని తెరిచే ప్రోగ్రాం అంకెలను మార్చి చూపించొచ్చు. ఇక టెర్మినల్ నుంచి దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఒక్క విండోను మాత్రమే తెప్పించుకునే పద్ధతిలో, అంటే ఎక్స్11 ఫార్వర్డింగ్‌లో, అవతల అసలు స్క్రీనే ఉండదు. అక్కడ మొదటి స్క్రీన్‌షాట్ బదులు సాఫ్ట్‌వేర్‌తోనే బొమ్మను పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయించి చూడండి.

సిస్టం అడ్మిన్‌కు మెయిల్ రాసేటప్పుడు ఆ టెస్ట్ బొమ్మ, రెండు స్క్రీన్‌షాట్లు జత చేసి, ఏ ప్రోగ్రాంతో కనెక్ట్ అయ్యారో ఒక లైను రాస్తే చాలు. "సార్, కలర్స్ సరిగ్గా రావట్లేదు" అని మాత్రమే రాస్తే ఆయన కూడా మీలాగే మొదటి నుంచి వెతుక్కోవాలి.

అంతా ఎర్రబడే కేసు

ఇది కొంచెం దగ్గరగా చూడాల్సిన కేసు. శాటిలైట్ చిత్రాలు, వాతావరణం, ఖగోళశాస్త్రం మీద పనిచేసేవాళ్లు వాడే ఐడీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్వీ అనే రిమోట్ సెన్సింగ్ ప్యాకేజీ కూడా దాని మీద కట్టిందే. ఇందులో ఏళ్ల కిందట రాసిన స్క్రిప్టులు చేతులు మారుతూ, సీనియర్ నుంచి జూనియర్‌కు వస్తుంటాయి. వాటిలో రంగును ఒకే అంకెతో చెప్తారు, 0 నుంచి 255 మధ్య. అప్పటి స్క్రీన్లు ఒకేసారి 256 రంగులే చూపించేవి. ఆ అంకె అసలు రంగు కాదు, రంగుల పట్టికలో వరస నంబరు. పట్టికలో 200వ గడిలో పసుపు ఉంటే 200 అంటే పసుపు.

ఇప్పటి స్క్రీన్లు 24 బిట్ల ట్రూకలర్. ఇక్కడ ఐడీఎల్ మామూలుగా ఆ అంకెను పట్టికలో వెతకదు. దాన్నే మూడు ముక్కలుగా విడగొట్టి రంగుగా చదువుతుంది. అన్నిటికన్నా చిన్న విలువ వైపు ఉన్న 8 బిట్లు ఎరుపు, తర్వాతి 8 ఆకుపచ్చ, ఆ పైన 8 నీలం. అంటే 255 అని రాస్తే నిండు ఎరుపు. నిండు ఆకుపచ్చ రావాలంటే 65280 రాయాలి, నీలానికి 16711680, తెలుపుకు 16777215. పాత స్క్రిప్టులో 255 దాటిన అంకె ఒక్కటీ ఉండదు. కాబట్టి ఆకుపచ్చకూ నీలానికీ ఎప్పుడూ సున్నాయే వస్తుంది. గీతలు, కాంటూర్లు అన్నీ నలుపు నుంచి ఎరుపు దాకా ఉండే ఛాయల్లోకి వెళ్లిపోతాయి. పట్టిక లోడ్ చేసి చూపించాల్సిన ఇమేజ్ మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది. ఈ రెండూ కలిసి కనపడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

మందు ఒక్క లైను: డివైస్ అనే కమాండ్‌కు డీకంపోజ్డ్ విలువ 0 అని ఇవ్వడం. అప్పుడు ఐడీఎల్ మళ్లీ పట్టికను చూస్తుంది. ఆ తర్వాత లోడ్‌సీటీతో మీకు కావాల్సిన పట్టిక తెచ్చుకోవాలి. మరి ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు ఈ లైను లేకుండానే ఎలా పనిచేసింది? ఎవరో ఎప్పుడో ఆ మెషీన్ స్టార్టప్ ఫైల్‌లో ఆ లైను రాసిపెట్టి ఉంటారు. మీరు వేరే దారిలో లాగిన్ అయితే ఆ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ కాకపోవచ్చు. స్క్రిప్టు మారలేదు, స్క్రీన్ పాడవలేదు, మధ్యలో ఒక ఫైల్ చదవకుండా పోయింది అంతే. లైనును స్క్రిప్టు మొదట్లోనే రాసేసుకోవడం మంచిది, తర్వాత వచ్చే జూనియర్‌కు ఈ తిప్పలు ఉండవు. అక్కడే రిటెయిన్ విలువ 2 అని కూడా ఇచ్చుకోండి. విండో మీద ఇంకో విండో వచ్చి వెళ్లాక గ్రాఫ్ ఖాళీగా మిగిలే ఇబ్బందీ పోతుంది.

పాత సాఫ్ట్‌వేర్‌లో కొన్ని ఇంతకన్నా మొండివి. 8 బిట్ల పట్టిక స్క్రీన్ లేకపోతే అసలు తెరుచుకోవు, కలర్‌మ్యాప్ ఎంట్రీ దొరకలేదనో, బ్యాడ్‌మ్యాచ్ అనో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. లినక్స్‌లో విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టంలో బొమ్మ గీసేది మీ ల్యాప్‌టాప్‌లో నడిచే ఎక్స్ సర్వర్. విండోస్‌లో మోబాఎక్స్‌టర్మ్, వీసీఎక్స్‌సర్వ్, మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ అంటే అవే. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ అడిగే రకం స్క్రీన్ ఉందా లేదా అన్నది అవతలి సర్వర్ చేతిలో ఉండదు, మీ దగ్గరే తేలాలి. కనెక్ట్ అయ్యాక టెర్మినల్‌లో ఎక్స్‌డీపీవైఇన్ఫో అని కొడితే మీ ఎక్స్ సర్వర్ ఇవ్వగలిగే డెప్త్‌లు (రంగుకు ఎన్ని బిట్లు), విజువల్స్ (రంగును చదివే పద్ధతులు) అన్నీ చూపిస్తుంది. జాబితాలో సూడోకలర్ 8, అంటే 8 బిట్ల పట్టిక పద్ధతి, లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోవడం సహజం. లినక్స్‌లో జెఫిర్ అనే ప్రోగ్రాంతో స్క్రీన్‌లోపల ఇంకో చిన్న స్క్రీన్‌ను 8 బిట్లతో తెరిచి, ఈ పాత సాఫ్ట్‌వేర్‌ను అందులో నడపడం శుభ్రమైన దారి. మొత్తం డెస్క్‌టాప్‌ను 256 రంగులకు దించేయకండి. అలా చేస్తే మౌస్ ఒక విండో నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడల్లా మిగతా విండోల రంగులన్నీ చెల్లాచెదురవుతాయి, ఒక్కో ప్రోగ్రాం తన పట్టికను తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి.

ఇక అసలు తప్పే కానివి కొన్ని ఉన్నాయి. వీటికే ఎక్కువ టైం పోతుంది. శాటిలైట్ చిత్రంలో పాకాల అడవి రక్తం లాంటి ఎరుపులో కనపడితే కంగారు పడొద్దు. మామూలు ఫాల్స్ కలర్ చిత్రంలో కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎరుపు స్థానంలో పెడతారు. చెట్ల ఆకులు దాన్ని బాగా వెనక్కి పంపుతాయి, అందుకే పచ్చదనమంతా ఎర్రగా, చెరువు నీళ్లు నల్లగా వస్తాయి. ఫొటోలో మనిషి ముఖం నీలంగా వచ్చిందంటే ముందు ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీని అడగాలి. అది ఇమేజ్‌ను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో చదువుతుంది, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీ ఎరుపు ముందు ఉంటుందనుకుని చూపిస్తుంది. ఇల్లూ ల్యాబూ అన్న తేడా దీనికి లేదు. సర్వర్‌లో ఒక వెర్షన్, ఇంట్లో ఒక వెర్షన్ ఉన్నా ఇలాంటిదే జరుగుతుంది. లెక్కలకు, గ్రాఫులకు వాడే మ్యాట్‌ల్యాబ్ 2014లో తన డిఫాల్ట్ రంగుల పట్టికను జెట్ నుంచి పారులాకు మార్చింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌తో జెట్‌ను వదిలి విరిడిస్‌కు వచ్చింది. సర్వర్ పాతదైతే అదే స్క్రిప్టు అక్కడ ఇంద్రధనుస్సు రంగుల్లో, మీ ల్యాప్‌టాప్‌లో ఊదా నుంచి పసుపు దాకా వస్తుంది. రంగుల పట్టిక పేరు స్క్రిప్టులో రాసేస్తే ఈ గొడవ ఉండదు.

దారిలో పోయే రంగు

మొదటి స్క్రీన్‌షాట్ సరిగ్గా ఉండి రెండోది తప్పితే కనెక్షన్‌ను చూడాలి. పోయిన తీరును బట్టి కారణం తెలిసిపోతుంది.

బూడిదరంగు పట్టీ నున్నగా కాకుండా మెట్లు మెట్లుగా విడిపోయి, కొన్ని మెట్లకు కొంచెం ఆకుపచ్చ ఛాయ తగిలితే కనెక్షన్ 16 బిట్లలో ఉన్నట్టు. 16 బిట్లలో ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5 ఇస్తారు. మొత్తం 65,536 రంగులే వస్తాయి. 24 బిట్లలో అయితే 1,67,77,216. ఆకుపచ్చకు ఒక బిట్ ఎక్కువ ఉండటం వల్లే బూడిదరంగుకు ఆ ఛాయ వస్తుంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో షో ఆప్షన్స్ నొక్కి, డిస్‌ప్లే ట్యాబ్‌లో 32 బిట్ ఎంచుకోండి. 24కూ 32కూ రంగుల సంఖ్యలో తేడా లేదు, మిగిలిన 8 బిట్లు రంగుకు వాడరు. ఇక్కడ 32 పెట్టినా 16లోనే వస్తుంటే అవతలి మెషీన్‌లో పరిమితి పెట్టి ఉంటారు. విండోస్‌లో అయితే గ్రూప్ పాలసీ అనే అడ్మిన్ సెట్టింగుల్లో, లినక్స్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ అనే రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ వాడుతుంటే దాని ఐఎన్ఐ ఫైల్‌లో మ్యాక్స్ బీపీపీ అన్న లైనులో. అది అడ్మిన్ పని.

పొద్దున బాగుండి, సాయంత్రం నెట్ నెమ్మదించగానే బొమ్మ కొద్ది రంగుల్లోకి పడిపోతుంటే, అది వీఎన్‌సీ అనే ఇంకో రిమోట్ పద్ధతిలో ఆటోమేటిక్ సెట్టింగ్ చేసే పని. టైగర్‌వీఎన్‌సీలో ఆప్షన్స్ లోపల కంప్రెషన్ పేజీకి వెళ్లి ఆటో సెలెక్ట్ తీసేసి, కలర్ లెవెల్‌ను ఫుల్‌లో పెట్టండి. ఊళ్లో మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు అప్పుడు స్క్రీన్ నెమ్మదిస్తుంది. రంగుతో పనిలేని రోజు దాన్ని మళ్లీ ఆటోలో పెట్టుకోవడమే తెలివైన పని. ఫైళ్లు కాపీ చేయడానికి, కోడ్ రాయడానికి నిండు రంగులు ఎందుకు?

పెద్ద గడుల మధ్యలో అంకెలు సరిగ్గా ఉండి, సన్న ఎర్ర గీత మాత్రం మసకబారితే అది ఇంకో రకం. వీడియో పద్ధతిలో పంపే ప్రోగ్రాములు వెలుగును ప్రతి పిక్సెల్‌కూ పంపినా, రంగును నాలుగు పిక్సెల్స్‌కు ఒకటే పంపుతాయి. కన్ను వెలుగు తేడాను పట్టినంత బాగా రంగు తేడాను పట్టదు కాబట్టి సినిమాలో ఇది తెలియదు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర గీతలున్న క్యాడ్ డ్రాయింగ్‌లో మాత్రం వెంటనే తెలుస్తుంది. విండోస్ 10, సర్వర్ 2016 నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఏవీసీ 444 అనే మోడ్ ఉంది, అందులో రంగు కూడా ప్రతి పిక్సెల్‌కూ వస్తుంది. అవతలి మెషీన్‌లో గ్రూప్ పాలసీతో ఆన్ చేయించుకోవాలి. వీఎన్‌సీలో జేపెగ్ కంప్రెషన్ టిక్ తీసేస్తే సరిపోతుంది. జూమ్, మీట్ లాంటి వాటిలో స్క్రీన్ షేర్ చేసి రంగులు ఖరారు చేయడం మాత్రం మానుకోండి. అవి మాటలకు, స్లైడ్లకు చేసినవి.

అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కంటికి తేడా

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. నైట్ లైట్, బ్లూ లైట్ ఫిల్టర్, యాపిల్ వాళ్ల ట్రూ టోన్ లాంటివి స్క్రీన్‌షాట్ తర్వాతి దశలో పనిచేస్తాయి. అందుకే స్క్రీన్‌షాట్‌లో దొరకవు. చీకటి పడ్డాక మాత్రమే తెలుపు పసుపుగా మారుతోందంటే కారణం అదే. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే మామూలు విండోలు వెలిసిపోయినట్టు కనపడొచ్చు, ఆపి చూడండి. టీవీని హెచ్‌డీఎంఐతో మానిటర్‌గా వాడుతుంటే ఇంకో చిక్కుంది. టీవీలకు నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది, కంప్యూటర్‌కు 0 నుంచి 255. ల్యాప్‌టాప్ 16 నుంచి 235 పంపితే మానిటర్ దాన్ని 0 నుంచి 255గా అనుకున్నప్పుడు నలుపు బూడిదగా కనపడుతుంది. అటుది ఇటైతే చీకటి భాగాలన్నీ ఒకే నల్ల ముద్దవుతాయి. గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో ఫుల్, లిమిటెడ్ అని ఉండేది దీనికే. రెండు వైపులా ఒకటే ఉండాలి.

జంపఖానా డిజైనర్లకు విడిగా ఒక మాట. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలకు రంగే ప్రాణం. ఫొటోషాప్ లాంటివి తాము నడిచే మెషీన్‌కు తగిలించిన మానిటర్ ప్రొఫైల్‌ను చూసి రంగును సర్దుతాయి. మీ ఇంట్లో ఉన్న మానిటర్ ఎలాంటిదో షాపు పీసీకి తెలియదు. అక్కడి ప్రొఫైల్‌ను, డిజైన్ ఫైల్‌ను ఎస్ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల ప్రమాణంలో పెట్టి, మీ మానిటర్‌ను కూడా దాని మెనూలో ఎస్ఆర్‌జీబీ మోడ్‌కు మార్చండి. అప్పుడు రెండు చోట్లా దాదాపు ఒకటే కనపడుతుంది. దాదాపు అనే అంటున్నాను, ఎందుకంటే దీని మీద ఆధారపడి నూలుకు రంగు వేయించకూడదు. స్క్రీన్ వెలుగును పంపుతుంది, నూలు తన మీద పడిన వెలుగును వెనక్కి ఇస్తుంది. రంగు వేసేవాళ్లకు స్క్రీన్‌షాట్ పంపి "ఇదే కావాలి" అంటే, వాళ్ల ఫోన్‌లో అది ఇంకోలా కనపడుతుంది, ఆ నష్టం చివరికి మగ్గం దాకా పోతుంది. డిజైన్‌తోపాటు మీ దగ్గర ఉన్న రంగు నూలు ముక్కను కూడా పంపండి. వాళ్లు వేసిన నమూనా రాగానే దాన్ని మీ ముక్క పక్కన పెట్టి పగటి వెలుతురులో ఒకసారి, షాపు లైట్ల కింద ఒకసారి చూడండి. ఒకచోట కలిసి ఇంకోచోట తేడా కొడితే రంగు మందుల్లో తేడా ఉన్నట్టు, దానికి కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు.